అద్దె ఇంటి పెరడు, బయటి పనులు ఎవరు చూసుకోవాలి: ఓనరా, అద్దెకున్నవాళ్లా, తోటమాలా?

అద్దె ఒప్పందం మీద సంతకాలు పెట్టేటప్పుడు అందరి చూపూ అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఏటా ఎంత పెంచుతారు అన్నవాటి మీదే ఉంటుంది. గేటు తీయగానే కనబడే గడ్డి, చెట్టు, డాబా మీంచి దిగే వాన నీటి గొట్టం, ప్రహరీ పక్కన కాలువ గురించి కాగితంలో ఒక్క ముక్క ఉండదు. ఉన్నా "ఇల్లు, పరిసరాలు శుభ్రంగా ఉంచుకోవాలి" అన్న ఒక్క వాక్యం. దానికి ఓనరు చెప్పుకునే అర్థం వేరు, అద్దెకు దిగినవాళ్లు చెప్పుకునే అర్థం వేరు. ఆ తేడా మొదటి పెద్ద వాన పడేదాకా ఇద్దరికీ తెలియదు.

నాకూ అలాగే తెలిసింది. అద్దెకున్న రోజుల్లో ఒక ఇంట్లో వెనక గది గోడ మీద, పైకప్పుకి జానెడు కింద, అరచేయంత మరక కనబడింది. తడి గుడ్డ ఆనించి తీసినట్టు ఉంది. రెండు వారాల్లో అది చాపంత అయింది, సున్నం పొక్కులు లేచి రాలడం మొదలుపెట్టింది. చివరికి పైకెక్కి చూస్తే గొట్టం మూతి దగ్గర ఆకులు కుళ్లి నల్లటి ముద్దయి ఉన్నాయి. ఆ ముద్దలో నాలుగాకుల రావి మొక్క. పట్టి లాగితే గొట్టం లోపలికి దిగిన వేరు మూరెడు బయటికి వచ్చింది. ఓనరుకి ఫోన్ చేస్తే, "ఇంట్లో ఉండేది మీరే కదండీ, ఆకులు తీసుకోవద్దూ?" అన్నాడు. "డాబా తలుపు తాళం మీ దగ్గరే ఉంది కదండీ" అన్నాను. ఇద్దరం అబద్ధం ఆడలేదు. కానీ గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. గోడ చెక్కించి మళ్లీ పూత వేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ నేను ఇల్లు ఖాళీ చేసేదాకా నలిగింది.

ఇప్పుడు నా ఇల్లొకటి అద్దెకిచ్చాను. ఆ గొట్టం పాఠం మర్చిపోలేదు.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి

"పెరడు పని ఎవరిది?" అని మొత్తంగా అడిగితే జవాబు తేలదు, ఎందుకంటే అది ఒక పని కాదు. వాకిలి ఊడవడం దగ్గర్నుంచి ప్రహరీ బీటలు పూడ్చడం దాకా ఇరవై రకాలు ఉంటాయి. ఒక్కో పని గురించీ రెండు సంగతులు చూడాలి: అది ఆగిపోతే ముందుగా ఎవరి కంటపడుతుంది? నష్టం ఎవరి జేబుకి తగులుతుంది?

రెండింటికీ ఒకరే జవాబైతే పేచీ లేదు. వాకిట్లో చెత్త పేరుకుంటే చూసేదీ, ఇబ్బంది పడేదీ ఇంట్లో ఉండేవాళ్లే. అది వాళ్ల పని, ఎవరూ చెప్పక్కర్లేదు. ఐదారేళ్లకోసారి బయటి గోడలకు వేసే రంగు ఓనరు పని, అదీ తేలికే. చిక్కంతా కనబడేది ఒకరికి, నష్టం ఇంకొకరికి అయ్యే పనులతోనే. గొట్టంలో ఆకులు, గోడ వారన నిలిచే నీరు, గోడ మీదికి పాకే మట్టి చారల్లాంటి చెద దారులు, కారే బయటి కుళాయి. ఇవన్నీ రోజూ కనబడేది అద్దెకున్నవాళ్లకి, చివరికి డబ్బు వదిలేది ఓనరుకి. ఇలాంటి పనుల్లో చేయించే బాధ్యత ఓనరు పెట్టుకుని, కనబడిన వెంటనే చెప్పే బాధ్యత అద్దెకున్నవాళ్లకి ఇవ్వడమే సరైన దారని నా నమ్మకం. ఈ రెండో సగం చాలా ఒప్పందాల్లో ఉండదు.

ఇది మనసులో పెట్టుకుని మనకున్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

అంతా అద్దెకున్నవాళ్ల మీదే వదిలేస్తే

విడి ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఓనరుకి ఖర్చు లేదు, తిరిగే పని లేదు. అద్దెకున్నవాళ్లకి కూడా ఒక సుఖం ఉంది: ఎవరూ లోపలికి రారు, నచ్చిన మొక్క పెట్టుకోవచ్చు, పిల్లలు ఆడుకునే చోట ఏ మందు చల్లాలో, చల్లకూడదో తామే నిర్ణయించుకోవచ్చు. మొక్కలంటే ఇష్టమున్నవాళ్లు దిగితే ఆ పెరడుని జీతానికి వచ్చే ఏ తోటమాలీ అంత బాగా చూడలేడు. అలాంటివాళ్లు దొరికినప్పుడు ఓనరు చేయాల్సిన మంచి పని వాళ్ల జోలికి పోకుండా ఉండటం.

అందరూ అలా ఉండరు కదా. పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇద్దరు మనుషుల ఇంటికి పెద్ద పచ్చిక బయలు అంటగడితే ఏమవుతుంది? గడ్డి మోకాలి దాకా పెరుగుతుంది. ఓనరు ఫోన్ చేస్తాడు. ఆదివారం కోపంగా మొదలంటా నరికేస్తారు. గడ్డి సంగతి తెలిసినవాళ్లు పాటించే లెక్క ఒకటుంది: ఒక్కసారికి ఆకు పొడవులో మూడో వంతుకి మించి కోయకూడదు. 2 అంగుళాల గడ్డి కావాలంటే 3 అంగుళాలకి రాగానే కోయాలి. ఏపుగా పెరిగే రోజుల్లో ఇది దాదాపు ప్రతి వారం పని. నెలకోసారి మొదలంటా కోస్తే వేళ్లు నీరసపడతాయి, ఖాళీ అయిన చోట కలుపు లేస్తుంది. ఖాళీ చేసే రోజున "మీరిచ్చిన గడ్డి ఇది కాదు" అని డిపాజిట్‌లో కోత పెట్టే ఓనరు ముందే అడగాల్సింది ఒకటే: వీళ్లకి వారం వారం రెండు గంటలు దొరుకుతాయా?

నీళ్ల లెక్క ఇంకా ముఖ్యం. వాన లేని రోజుల్లో మామూలు పచ్చికకి వారానికి అంగుళం నీరు కావాలంటారు. అంటే చదరపు మీటరుకి 25 లీటర్లు. 50 చదరపు మీటర్ల పచ్చికకి వారానికి 1,250 లీటర్లు. ఆ బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లయితే వాళ్లు గడ్డిని ఎండబెడతారు. తప్పు పట్టలేం, నేనైనా అదే చేస్తాను. గడ్డి పచ్చగా ఉండాలని ఓనరు అనుకుంటే నీళ్ల ఖర్చు ఆయనే పెట్టుకోవాలి, లేదా నీళ్లు తక్కువ తాగే మొక్కలకి మారాలి. పని ఒకరికి ఇచ్చి, దానికయ్యే నీళ్ల బిల్లు కూడా వాళ్ల నెత్తినే రుద్ది, ఫలితం మాత్రం నాకు నచ్చినట్టు ఉండాలంటే కుదరదు.

పనిముట్లు ఎవరివన్నది చిన్న విషయంలా కనబడుతుంది గానీ ఈ ఏర్పాటు కూలేది ఎక్కువగా అక్కడే. ఏడాది రెండేళ్లు ఉండి పోయేవాళ్లు గడ్డి కోసే మిషన్ కొనరు. పని వాళ్లదే అయితే మిషన్, కత్తెర, హోసు పైపు, పార ఇంటితో పాటే ఇచ్చేయండి. మిషన్ బ్లేడు అరిగితే ఎవరు మార్చాలో కూడా అప్పుడే అనుకోండి.

ఓనరే వచ్చి చేస్తే

పక్క వీధిలో ఉండే ఓనరుకి, ఓపికున్నవాళ్లకి ఇది బాగానే ఉంటుంది. ఇంటిని ఎవరి కన్నా ఎక్కువ ఎరిగినవాళ్లు వాళ్లే. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ చెట్టు వేరు కాలువ వైపు వెళ్తోందో వాళ్లకి గుర్తుంటుంది.

అవతలి వైపు కూడా చూడాలి. ఆదివారం పొద్దున్నే గేటు చప్పుడు. కిటికీ తెర పక్కకి తీస్తే ఓనరు గులాబీ మొక్క దగ్గర. చేతిలో కత్తెర, చూపు మాత్రం ఆరేసిన బట్టల మీదుగా వంటింటి కిటికీ వైపు. ఆయన మనసులో ఏమీ లేకపోవచ్చు. ఇంట్లో ఉన్నవాళ్లకి మాత్రం తనిఖీకి వచ్చినట్టే ఉంటుంది. చెప్పకుండా రావడం చాలా దేశాల చట్టాలకి కూడా నచ్చదు. మరమ్మతుల కోసం లోపలికి రావాలన్నా ఇంగ్లండ్‌లోనూ, భారతదేశపు నమూనా అద్దె చట్టంలోనూ కనీసం 24 గంటల ముందు నోటీసు అన్నదే లెక్క. పెరడు కూడా అద్దెకిచ్చిన జాగాలో భాగమైతే అది మీది కాదు, ఒప్పందం ఉన్నన్నాళ్లూ వాళ్లది. నెలలో ఫలానా రోజు, ఫలానా సమయం అని ఖాయం చేసుకుంటే సగం చిరాకు పోతుంది.

ఇంకో ఇబ్బంది ఓనరు వయసు. యాభై ఐదులో సరదాగా మొదలుపెట్టిన పని అరవై ఐదులో మోకాళ్ల మీద పడుతుంది. ఆ మాట పైకి అనలేక రావడం తగ్గిస్తారు. ఎవరి పనో తెలియని పెరడు మళ్లీ మొదటికొస్తుంది.

తోటమాలిని పెట్టుకుంటే

డబ్బు ఖర్చే. అయినా ఊళ్లో లేని ఓనరుకి, ఒకే ఆవరణలో నాలుగైదు వాటాలున్న ఇంటికి దీనికి మించిన దారి నాకు కనబడలేదు. పని క్రమం తప్పకుండా జరుగుతుంది, ఇద్దరి మధ్యా మాటపట్టింపు రాదు. ఖర్చు అద్దెలో కలిపి చెప్పినా, విడిగా చెప్పినా ఫరవాలేదు గానీ ముందే చెప్పాలి.

తోటమాలికి డబ్బిచ్చాం కదా అని బయటి సంగతి మొత్తం మర్చిపోతే మోసపోతాం. ఆయన పని కంటికి కనబడే పచ్చదనం. గొట్టంలో ఆకు ఆయన లెక్కలోకి రాదు, గోడ పగులు రాదు, కాలువ మూత రాదు. మాట్లాడుకునేటప్పుడే అడగాలి: కోసిన గడ్డి, కొమ్మలు బయట పారేసే బాధ్యత ఎవరిది? చచ్చిన మొక్క మార్చడం ఈ డబ్బులోనేనా? మందు కొడితే ముందు రోజు ఇంట్లోవాళ్లకి చెబుతారా? గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? కుక్క ఉంటే కట్టేసేది ఎవరు? పనిలో దెబ్బ తగిలితే బీమా ఉందా?

తోటమాలుల హడావుడి పనికి దెబ్బతినే చెట్లు ఎన్నో చూశాను. తీగ తిప్పుతూ గడ్డి కోసే చేతి మిషన్ ఉంటుంది కదా, దాన్ని చెట్టు మొదలు దాకా పోనిస్తారు. ప్రతి వారం అదే చోట తీగ తగిలి బెరడు లేస్తుంది. ఒకరోజు వంగి చూస్తే కాండం చుట్టూ వేలెడు వెడల్పున తెల్లటి పట్టీ. చెట్టు ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే. చుట్టూరా తెగిపోతే వేళ్లకి తిండి అందదు, ఏడాదో రెండేళ్లకో చెట్టు ఎండిపోతుంది. అప్పుడు అందరూ "తెగులు సోకింది" అంటారు. మొదలు చుట్టూ ఓ అడుగు మేర గడ్డి లేకుండా చేసి, ఆకుచెత్త 2 నుంచి 4 అంగుళాల మందాన పరిస్తే మిషన్ అక్కడికి వెళ్లే అవసరమే ఉండదు. ఆ ఆకుచెత్త కాండానికి తగలకుండా, ఇంటి గోడకి ఆనకుండా చూడాలి. గోడకి ఆనిన తడి చెత్త చెదలకి పిలుపు లాంటిది.

ఎవరిని పెట్టినా అద్దెకున్నవాళ్ల చేతిలోనే ఉండాల్సిన పని ఒకటుంది: నిలవ నీళ్లు పారబోయడం. వెచ్చటి రోజుల్లో దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా 7 నుంచి 10 రోజులు పడుతుంది. తోటమాలి పదిహేను రోజులకోసారి వస్తే ఆ మధ్యలో ఒక తరం పుట్టి ఇంట్లోకి వచ్చేస్తుంది. కుండీల కింది పళ్లేలు, బకెట్లు, పాత టైరు, మడత పడిన ప్లాస్టిక్ షీటు, ఇవన్నీ వారానికోసారి బోర్లించాలి. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లు పాత్ర అంచుకి అతుక్కుని నెలల తరబడి ఎండిపోయినా బతుకుతాయి. అందుకే పారబోయడంతో ఆగకుండా అంచు రుద్ది కడగాలి. ఈ పని ఓనరు చేయలేడు, తోటమాలి చేయలేడు. వారం వారం అక్కడ ఉండేది ఎవరో వాళ్లే చేయాలి.

అద్దె తగ్గించి పని అప్పగిస్తే

వినడానికి ఇద్దరికీ లాభంగా ఉంటుంది, నాకు మాత్రం అంతగా నచ్చదు. మూడు నెలలు బాగా చేస్తారు. నాలుగో నెల ఎవరికో ఒంట్లో బాగుండదు, గడ్డి పెరుగుతుంది. తగ్గించిన అద్దె మళ్లీ పెంచమని అడగాలంటే ఓనరుకి మొహమాటం. అడిగితే వాళ్లకి కోపం. పనిలో దెబ్బ తగిలితే వాళ్లు అద్దెకున్నవాళ్లా, మీ పనివాళ్లా అన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు చోటుని బట్టి మారుతుంది.

తప్పదనుకుంటే అద్దెని ముట్టుకోకండి. అద్దె పూర్తిగా తీసుకుని, చేసిన పనికి నెలనెలా విడిగా డబ్బివ్వండి. పని ఆగిన నెల డబ్బూ ఆగుతుంది, అద్దె మాటే రాదు. ఏళ్ల తరబడి ఉంటూ ఇంటిని సొంతింటిలా చూసుకునేవాళ్ల విషయంలో ఈ లెక్కలన్నీ పక్కన పెట్టొచ్చు. అలాంటివాళ్లకి నేనైతే పనితో సంబంధం లేకుండానే అద్దె పెంచడం మానేస్తాను.

నిచ్చెన ఎక్కాల్సిన పనులు

ఇక్కడ మాత్రం బేరం లేదు. పాదాలు నేల వదిలే పని ఏదైనా అద్దెకున్నవాళ్లకి ఇవ్వకూడదు. ఓనరు చూసుకోవాలి, లేదా చేతనైనవాళ్లని పిలవాలి. నిచ్చెన వేసినా 4 అడుగుల ఎత్తుకి 1 అడుగు చొప్పున కాలు గోడకి దూరంగా ఉండాలి, ఎవరో ఒకరు కింద పట్టుకోవాలి. కరెంటు తీగల దగ్గర కొమ్మలైతే విద్యుత్ శాఖ వాళ్లకే చెప్పాలి. తోటమాలి "నేను కొట్టేస్తానులెండి" అన్నా ఒప్పుకోవద్దు.

డాబా, గొట్టాలు ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కతో చెబుతాను. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దిగే నీరు 1,000 లీటర్లు. ఓ మోస్తరు జల్లుకే అంత. గొట్టం మూసుకుపోతే ఆ వెయ్యి లీటర్లూ గోడలోకైనా వెళ్లాలి, పునాది దగ్గరకైనా వెళ్లాలి. అందుకే గొట్టాలు ఏడాదికి కనీసం రెండుసార్లు తీయించాలి: వానలకి ముందు ఒకసారి, ఆకు రాలాక ఒకసారి. పైన పెద్ద చెట్టు కొమ్మ వాలి ఉంటే ఇంకా ఎక్కువసార్లు. గొట్టం కింది చివర నీరు గోడ దగ్గరే పడకుండా దూరంగా పోవాలి. అమెరికాలో చాలాచోట్ల పాటించే అంతర్జాతీయ నివాస భవనాల కోడ్ గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు వాలుగా ఉండాలంటుంది. ఎక్కడి ఇంటికైనా పనికొచ్చే కొలత అది. అద్దెకున్నవాళ్లు పూలపాదుల కోసం గోడ వారన మట్టి ఎత్తు పోస్తే ఆ వాలు తిరగబడుతుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు, గది గోడ మాత్రం చెమ్మగిల్లుతుంది. గోడ నుంచి ఓ రెండడుగులు వదిలి పాదు చేసుకోండని మొదటి రోజే చెప్పేస్తే సరి.

రావి, మర్రి జాతి మొక్కల మాట మళ్లీ ఎత్తుతున్నాను. పిట్టలు తిని వేసిన గింజ పిట్టగోడ పగుల్లో పడి మొలుస్తుంది. రెండాకులప్పుడు రెండు వేళ్లతో వచ్చేస్తుంది. ఏడాది ఆగితే పైకి కొట్టినా లోపల వేరు ఉండి మళ్లీ లేస్తుంది, పగులు వెడల్పవుతుంది. కింద నుంచి చూసి ఫోటో తీసి పంపడం అద్దెకున్నవాళ్ల వంతు, ఎక్కి పీకించడం ఓనరు వంతు.

బయటి కుళాయి కూడా ఇదే కోవలోది. సెకనుకో చుక్క చొప్పున కారితే ఏడాదికి 11 వేల లీటర్లకి పైగా పోతాయి. వాషరు ఎవరు మార్చాలని వాదించుకునే టైములో పోయే నీళ్లు వాషరు కన్నా ఖరీదు.

చట్టం ఎవరి వైపు?

చోటుని బట్టి. ఇంగ్లండ్‌లో 1985 నాటి ఓనరు-కిరాయిదారు చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల లోపు అద్దెలకి ఇంటి నిర్మాణం, బయటి భాగం, కాలువలు, చూరు గొట్టాలు బాగుచేయించాల్సింది ఓనరే. ఒప్పందంలో వేరేలా రాసుకున్నా అది చెల్లదు. భారతదేశపు 2021 నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూల్లో నిర్మాణపు మరమ్మతులు, గోడలకి సున్నం ఓనరువి. కాలువలు శుభ్రం చేయడం, అద్దెకిచ్చిన లేదా అద్దెకున్నవాళ్లు వాడుకునే తోట, ఖాళీ జాగా చూసుకోవడం అద్దెకున్నవాళ్లవి. అది రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే అమలయ్యే నమూనా అని గుర్తుంచుకోవాలి. జర్మనీలో దారి వేరు. అక్కడ తోట పని ఖర్చుని నిర్వహణ ఖర్చుల కింద అద్దెకున్నవాళ్లందరికీ పంచొచ్చు, ఒప్పందంలో ఆ మాట ఉంటే. పని ఓనరు చేయిస్తాడు, డబ్బు వాటాల ప్రకారం వస్తుంది.

మూడూ చూస్తే గోడ, కప్పు ఎక్కడైనా ఓనరువే అని తెలుస్తుంది. నేల మీది పచ్చదనం దగ్గరే దేశానికో తీరు. కాబట్టి మీరు కాగితం మీద ఏం రాసుకున్నారన్నది ఎక్కువ పనికొచ్చేది అక్కడే. రాసే ముందు మీ చోటి చట్టం ఒకసారి చూసుకోండి.

ఏ ఇంటికి ఏది

విడి ఇల్లు, చిన్న పెరడు, కుటుంబం రెండేళ్లయినా ఉండేలా దిగుతుంటే నేల మీది పనులు వాళ్లకే ఇవ్వండి, పనిముట్లతో సహా. పైపనులు మీవి.

విడి ఇల్లే, కానీ పెద్ద తోట, ఖరీదైన మొక్కలు, మీరెంతో ఇష్టంగా పెంచినవి ఉంటే తోటమాలినే పెట్టండి. మీ ప్రాణం పెట్టి పెంచిన మొక్కని అద్దె ఒప్పందంతో ఎవరి చేతా ప్రేమింపజేయలేరు.

ఒకే ఆవరణలో ఎక్కువ వాటాలుంటే మెట్లు, వాకిలి, కాలువ, గేటు లైటు ఓనరే చేయించాలి, ఖర్చు పంచుకోవాలి. వంతులు వేసుకుందాం అన్న ఏర్పాటు ఎక్కడా ఆర్నెల్లు నిలబడగా నేను చూడలేదు. మొదట మానేది పై వాటా వాళ్లు. "మేం కింద వాడం కదా" అంటారు. తర్వాత పిల్లలున్నవాళ్లే ఎక్కువ చెత్త చేస్తారన్న మాట లేస్తుంది. అక్కడితో పలకరింపులు కూడా ఆగిపోతాయి.

రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లకి, దుకాణాలకి ఆలోచించక్కర్లేదు, మనిషిని పెట్టాల్సిందే.

అందరూ మర్చిపోయేది ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు దిగే మధ్య కాలం. ఆ నెల రెండు నెలలు పెరడు పూర్తిగా ఓనరుదే. నెల రోజులు కోయని గడ్డి, గేటు దగ్గర పేరుకున్న ఆకులు ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చాటింపు వేస్తాయి. దొంగకి అంతకన్నా ఏం కావాలి? ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా తలుపు తీయకముందే సగం నిర్ణయం చేసేసుకుంటారు.

కాగితం మీద ఏం రాయాలి

"శుభ్రంగా", "చక్కగా", "తగిన విధంగా" లాంటి మాటలు కొట్టేయండి. వాటి బదులు కొలత రాయండి. గడ్డి 4 అంగుళాలు దాటకూడదు. నిలవ నీళ్లు వారానికోసారి. గొట్టాలు ఏడాదికి రెండుసార్లు, ఓనరు ఖర్చుతో, ఫలానా నెలల్లో. చెమ్మ, పగులు, చెద, కారే కుళాయి కనబడితే మూడు రోజుల్లో ఫోటోతో కబురు. కబురు అందాక ఓనరు ఫలానా రోజుల్లో మనిషిని పంపాలి. ఈ చివరి వాక్యం అద్దెకున్నవాళ్లే అడిగి రాయించుకోవాలి, ఓనరు తనంతట తాను రాయడు. కబురు చెప్పాక నష్టం పెరిగితే అది వాళ్ల డిపాజిట్‌లోంచి పోకూడదని కూడా రాయించుకుంటే ఇంకా నయం.

దిగే రోజు ఇద్దరూ కలిసి ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరగండి. నాలుగు మూలల నుంచి, గేటు దగ్గర నుంచి, గొట్టాల కింది నుంచి ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. ఖాళీ చేసే రోజు సరిగ్గా అవే చోట్ల నిలబడి తీయండి. ఎండాకాలం దిగి వానాకాలం ఖాళీ చేస్తే గడ్డి రంగు ఒకలా ఉండదు, ఆ మాత్రం ఓనరు అర్థం చేసుకోవాలి. వాడకంలో సహజంగా అరిగేదానికి, నిర్లక్ష్యంతో పాడైనదానికి మధ్య గీత అక్కడే ఉంటుంది.

చెట్టు నరకడం, కొత్తగా నాటడం ఓనరుని అడగకుండా చేయకూడదని ఒక ముక్క ఉండాలి. నాటిన పదేళ్లకి ప్రహరీని నెట్టే చెట్టేదో రెండేళ్లు ఉండి పోయేవాళ్లకి పట్టదు.

మొక్కల విషయంలో నేను పెట్టుకున్న పద్ధతి ఇది: కుండీలో ఉన్నవి తెచ్చుకున్నవాళ్లతో పోతాయి, నేలలో దిగినవి ఇంటితో ఉంటాయి. కిందటిసారి ఖాళీ చేసినవాళ్లు పెట్టిన మల్లె పందిరి నేలలోనే ఉంది. వెళ్లేరోజు ఆవిడ అటు రెండుసార్లు చూసింది, అడగలేదు. నేనే రెండు కొమ్మలు అంటు కట్టి పెట్టాను. వేరు దిగాక వచ్చి తీసుకెళ్లింది.